పిడి లేని పంపు

నెట్టీ గోఫోర్త్‌ను సరిగ్గా ఐదు గంటలకు అరెస్టు చేస్తానన్నాడు షెరీఫ్ హోబర్ట్ క్రైడర్. అదే ఐదు గంటలకు ఆమె పెరట్లోని పాత కోళ్ళ షెడ్డును తగలబెట్టిస్తానని కూడా అన్నాడు. నా గడియారంలో మూడూ పది.

"రెండింటికీ ఒకే ముహూర్తం పెట్టావేం హోబర్ట్? పేపరువాళ్ళకి ఒక్క ఫొటోతో సరిపోతుందనా?"

"వెటకారం తర్వాత చేద్దురుగాని వెర్నమ్మగారూ. ముందు ఇది చదవండి."

వారెంటు నా చేతిలో పెట్టాడు. కెంటకీ రాష్ట్రం, టోలివర్ కౌంటీ. నెట్టీ గోఫోర్త్, వయసు అరవై ఒకటి, తన సొంత తమ్ముడు వెండెల్ గోఫోర్త్‌ను కావాలని చంపింది. నేరం జరిగిన తేదీ 1979 ఏప్రిల్ 2. నేరం జరిగిన చోటు ఆమె కోళ్ళ షెడ్డు. కింద జడ్జిగారి సంతకం.

నెట్టీ, నేను ఒకే బడిలో చదివాం. నా పెళ్ళి గౌను కుట్టింది ఆవిడే. నా మొగుడు పోయినప్పుడు పది రోజులు మా ఇంట్లో ఉండి నాకు ముద్ద దిగేలా చేసింది కూడా ఆవిడే. ఆ కాగితం చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి నా సంతకం ఏదీ?" అన్నాను.

నా పేరు వెర్నా టాకెట్. ఊళ్ళో శవాలను సాగనంపే పని మా ఇంటిది. మా ఆయన తర్వాత అది నాకొచ్చింది, దాంతోపాటు కరోనర్ పదవీ వచ్చింది. కౌంటీలో ఎవరు ఎందుకు చచ్చారో తేల్చి మరణపత్రం మీద సంతకం పెట్టాల్సింది నేను. ఆ సంతకం పడేదాకా శవం నాది, శవానికి జబ్బు అంటిన చోటూ నాదే. ఒక ముసలిది తన దారికి అడ్డం నిలబడటం హోబర్ట్‌కి మొదట్నుంచీ మింగుడుపడని విషయం.

"ఐదింటిదాకా షెడ్డు నాది. ఇంకా గంటా యాభై నిమిషాలు" అన్నాను.

"తీసుకోండి. ఏం తేలుస్తారు? వెండెల్ ఏప్రిల్ రెండున షెడ్డులో రెట్ట ఎత్తాడు. పద్నాలుగున మంచమెక్కాడు. మొన్న బుధవారం పొద్దున్న ఆస్పత్రిలో పోయాడు. ఊపిరితిత్తుల నిండా రెట్ట బూజు. ఇదంతా మీరూ, డాక్టరుగారూ కలిసే కదా చెప్పారు?"

చెప్పాం. పాత కోడిరెట్ట, నల్లపిట్టల రెట్ట కలిసిన మట్టిలో ఒక బూజు పెరుగుతుంది. కంటికి కనపడదు. మట్టి ఎండి దుమ్ము లేస్తే ఊపిరితో లోపలికి పోతుంది. ఇక్కడివాళ్ళం అందరం చిన్నప్పుడే దాన్ని పీల్చాం, నాలుగు రోజులు దగ్గాం, మర్చిపోయాం. అయినా ఇక్కడ ఎవరూ కోళ్ళ షెడ్డును పొడిగా ఎత్తరు. ముందు నీళ్ళు కొట్టి, మట్టి ముద్దయ్యాకే పార పట్టాలని మాకు బడికి పోకముందే నేర్పుతారు.

"నీళ్ళే దొరక్కుండా చేసింది" అన్నాడు హోబర్ట్, నా మనసు చదివినట్టు. "షెడ్డు పక్కన చేతిపంపుంది. దాని పిడి ముందురోజే మాయమైంది. ఎక్కడ దొరికిందో తెలుసా? ఈవిడ వంటింట్లో, పిండి డబ్బా అడుగున. 'ఆ షెడ్డు జోలికెళ్తే నీ చావు నువ్వే చస్తావ్' అని చర్చి గుమ్మంలో అరిచింది. ముగ్గురు విన్నారు. వాడు పోతే వాడి పొలమంతా ఈవిడది. ఇంకేం కావాలి?"

ఆ పిడి అతని జీపులో ఉంది. మెడకి చీటీ కట్టి, సంచిలో పెట్టాడు.

"పిడి నాకివ్వు."

"అది సాక్ష్యం."

"సాక్ష్యాన్ని చూడటానికే కదా జనం నాకు ఓటేసింది. ఇవ్వు."

ఇచ్చాడు. దానికి కూడా సంతకం పెట్టించుకున్నాడు.

నెట్టీ వంటింట్లో స్ట్రాబెర్రీలకు తొడిమలు తీస్తోంది. ఇంకో గంటన్నరలో సంకెళ్ళు పడబోయే మనిషి జామ్ చేస్తుంటే ఏమనుకోవాలి? నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"ఏమే, పిడి ఎందుకు తీశావ్?"

"వాషరు పోయింది. నీళ్ళు కారిపోతున్నాయి."

"పిండి డబ్బాలో దాస్తారటే పిడిని?"

"ఎక్కడో ఒకచోట పెట్టాలిగా."

"ఎప్పుడు తీశావ్?"

"ఆదివారం. ఏప్రిల్ ఒకటి. చర్చి నుంచి వచ్చాక."

"వాడు పార పట్టింది?"

"సోమవారం పొద్దున్న, నేను బయటికెళ్ళగానే."

"ఎత్తమన్నావా, వద్దన్నావా?"

"వద్దన్నాను. నాలుగుసార్లు వద్దన్నాను. అక్కడ లారీలు బాగుచేసే షాపు పెడతాడట. చోటు బాగుందట." తొడిమ ఒకటి గిన్నెలో పడబోయి కింద పడింది. ఆవిడ వంగి తీసుకుంది. "చెబితే వినే రకమా?"

"దుమ్ము లేస్తుంటే చూస్తూ కూర్చున్నావా మరి?"

"నేనిక్కడ లేను. ఎనిమిదింటికి బొంతలు కుట్టడానికి చర్చికి పోయాను. నువ్వూ ఉన్నావుగా, నా పక్కనే కూర్చున్నావు. రెండింటికి తిరిగొచ్చేసరికి సగం షెడ్డు ఎత్తేశాడు. జుట్టూ మీసమూ తెల్లగా అయిపోయి, దగ్గుతూ నవ్వుతున్నాడు." కత్తి కింద పెట్టింది. "నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను వెర్నా. నీళ్ళు లేకుండా ఎవరైనా ఎత్తుతారా? పంపు పనిచెయ్యకపోతే ఆగాలి కదా మనిషి?"

ఇరవై ఏళ్ళుగా అబద్ధాలాడే మనుషులతోనే నా పని. ఎవరి మొగుడూ తాగి చావడు, ఎవరి కొడుకూ ఉరేసుకోడు, అందరూ గుండె ఆగే పోతారు. అంచేత నిజం వినపడితే నా చెవికి తెలుస్తుంది. వాషరు అబద్ధం. ఈ చివరి మాట నిజం.

"తర్వాత?"

"మర్నాడు పొద్దున్నే షెడ్డుకి తాళం వేశాను. మళ్ళీ అడుగు పెట్టనివ్వలేదు."

"ఈ మాట హోబర్ట్‌కి చెప్పావా?"

"అడగలేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. చంపాలనుకున్నది సగంలో తాళం వేస్తుందా? నా ముఖంలో సంబరం నెట్టీ చూసింది. ఆవిడకి మాత్రం ఏ సంబరమూ లేదు. కత్తి తీసుకుని ఇంకో పండు అందుకుంది.

మూడున్నరకి షెడ్డు దగ్గరికి వెళ్ళాను. ముందు పంపుకి పిడి బిగించాను. మూడో దెబ్బకే నీళ్ళు దూకాయి. ఒక్క చుక్క పక్కకి కారలేదు. వాషరు కొత్తదిలా ఉంది. అంటే నెట్టీ పిడి తీసింది రిపేరుకి కాదు.

ముక్కుకి గుడ్డ కట్టుకుని, బకెట్లతో నీళ్ళు చల్లుకుంటూ లోపలికి నడిచాను. తలుపు పడమటి వైపుంది. తలుపు నుంచి సగం దాకా రెట్ట మొత్తం ఎత్తేసి, కింద గట్టి బంకమట్టి బయటపెట్టాడు. మిగతా సగంలో రెండు జానల మందాన రెట్ట అలాగే ఉంది. నెట్టీ కోళ్ళు పెంచడం మానేసి ఇరవై ఏళ్ళయింది. అప్పట్నుంచీ నల్లపిట్టలు దూలాల మీద కాపురం పెట్టాయి. ఈ షెడ్డు పడగొట్టమని ఆవిడకి ఎంతమంది చెప్పారో లెక్కలేదు. నేనూ చెప్పాను.

వెండెల్ పని ఆపిన చోట పార నేలలో గుచ్చి ఉంది. దాని పక్కన, ఉత్తరపు గోడ వారన, గుడ్లు పెట్టే పెట్టెల కింద మూడు చదును రాళ్ళు కనపడ్డాయి. సగం దాకా రెట్ట కింద ఉన్నాయి. బయటపడ్డ అంచు మీద పార గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. మిగతా షెడ్డు అంతా మట్టినేలే. ఈ ఒక్క మూలకి రాళ్ళు పరవడమేమిటని ఒక్క క్షణం అనుకున్నాను. అంతలో బయట కారు హారను మోగింది.

డాక్టర్ లస్క్ వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. కౌంటీలో సగం మందిని ఈ లోకంలోకి తెచ్చింది ఆయన, మిగతా సగాన్ని నా దగ్గరికి పంపిందీ ఆయనే. చేతిలో ఎక్స్‌రే కవరు ఉంది. అది తెమ్మని ఫోన్ చేసింది నేనే.

నిన్న పోస్టుమార్టంలో నేను ఆయన పక్కన నిలబడ్డాను. ఇక్కడివాళ్ళ ఊపిరితిత్తులు కోస్తుంటే కత్తికి ఇసుక తగిలినట్టు గరగరమంటుంది. చిన్నప్పుడు పీల్చిన బూజు చుట్టూ ఒళ్ళు సున్నం గూడు కట్టి, బఠాణీ గింజంత రాళ్ళుగా మార్చేస్తుంది. ఎన్ని శవాల్లో ఆ చప్పుడు విన్నానో. నిన్న కత్తి వెన్నలో దిగినట్టు దిగింది. ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతుంటే ఆ సంగతి తట్టింది.

"నువ్వు అడక్కపోతే జన్మలో చూసేవాణ్ణి కాదు వెర్నా" అన్నాడు డాక్టర్. ఫిల్మ్ తీసి ఆకాశానికి ఎత్తిపట్టాడు. "ఆస్పత్రిలో చేర్చిన రోజు తీసింది. ఇదిగో, ఈ పొగలాంటిదంతా కొత్త జబ్బు. ఇప్పుడు పాత మచ్చ ఒక్కటి చూపించు."

వెతికాను. ఒక్కటీ లేదు.

"నీ ఎక్స్‌రేలో ఏడున్నాయి. నాకు పదకొండు. నెట్టీకి పోయినేడు తీశాం, పన్నెండున్నాయి. మనలో ఎవరి ఫిల్మ్ చూసినా ఉంటాయని, అసలు వాటి వంకే చూడ్డం మానేశాను. లేకపోవడమనేది నాకు తట్టనే లేదు."

"చెరిగిపోతాయా?"

"రాళ్ళమ్మా అవి. మనిషి కుళ్ళినా అవి కుళ్ళవు." ఫిల్మ్ కవర్లో పెట్టాడు. "ఇంకోటి. ఇక్కడి మనిషి మళ్ళీ పీలిస్తే నాలుగైదు రోజుల్లోనే పడకేస్తాడు, చాలామంది లేచి తిరుగుతారు కూడా. వీడికి పన్నెండు రోజులు పట్టింది, చంపేసింది. ఈ బూజు వాడి ఒంటికి కొత్త. వీడు ఈ చుట్టుపక్కల పుట్టినవాడు కాదు."

"అంటే వెండెల్ కాదు."

"వెండెల్‌కి తొమ్మిదేళ్ళప్పుడు ఇదే జ్వరమొస్తే మందిచ్చింది మా నాన్న. ఇంకేం చెప్పను?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే ఆ మనిషిని ఈ ఊరికి పిలిచింది నేనే.

వెండెల్ 1941లో నేవీలో చేరతానని ఊరొదిలాడు. వాడికి ఇరవై, నాకూ ఇరవై. తర్వాత ఉత్తరం లేదు, కబురు లేదు. మూడేళ్ళ కిందట మా చర్చి ఆడవాళ్ళం జాలిపడి, మాజీ సైనికుల పత్రికలో ప్రకటన వేయించాం. రాసింది నేను. నెట్టీ వద్దు వద్దంటున్నా వదల్లేదు. వాళ్ళమ్మ పేరు, కుక్క పేరు, ఎడమ కనుబొమ మీద కంచరగాడిద తన్నిన మచ్చ, అన్నీ పూసగుచ్చినట్టు రాశాను. పోయిన అక్టోబర్లో ఒకడు బస్సు దిగాడు. కనుబొమ మీద మచ్చ ఉంది. కుక్క పేరు చెప్పాడు. నెట్టీ వాణ్ణి కాసేపు చూసి, "వచ్చావా వెండెల్" అని కావలించుకుంది. మేం ఏడుగురం పక్కనే ఉన్నాం, ఏడుగురం ఏడ్చాం.

నన్ను మాత్రం వాడు గుర్తుపట్టలేదు. ఒకప్పుడు నెల రోజులు నాతో తప్ప ఎవరితోనూ డాన్సు చెయ్యని వెండెల్ నన్ను చూసి "మీరెవరండీ" అన్నాడు. లావయ్యానులే, ముసలిదాన్నయ్యానులే అని సరిపెట్టుకున్నాను. ఆ రాత్రి అద్దంలో చూసుకుని ఏడ్చాను కూడా. ఇప్పుడు తెలిసింది. ప్రకటనలో నా పేరు లేదు.

సిగ్గుపడటానికి టైము లేదు. నాలుగూ పది. హోబర్ట్ జీపు దగ్గరికి దాదాపు పరిగెత్తాను.

"నీ కేసు చచ్చింది" అన్నాను. "వాడు వెండెల్ కాదు. ఎక్కణ్ణుంచో వచ్చిన దొంగ. డాక్టరు ఫిల్మ్ చూపిస్తాడు, చూసుకో. వాడికి పొలం ఎక్కడిది? వాడు పోతే నెట్టీకి కొత్తగా వచ్చేదేముంది? పైగా మర్నాడే షెడ్డుకి తాళం వేసింది. పిడి తీసింది వాణ్ణి చంపడానికి కాదు, ఆపడానికి. పంపు లేకపోతే ఎవడూ పార పట్టడనుకుంది. నువ్వయినా పడతావా?"

హోబర్ట్ నోట్లో పొగాకు నమలడం ఆపాడు. మొండివాడే గాని మొద్దు కాదు.

"పట్టను" అన్నాడు. "పొడిగా ఎత్తితే మా అమ్మ చీపురు తిరగేసేది." టోపీ తీసి తల గోక్కున్నాడు. "సరే. వాడు దొంగ. కానీ ఆ సంగతి ఈవిడకి తెలీదుగా? తమ్ముడనే అనుకుంది. పొలం తమ్ముడికి పోతుందనే అనుకుంది. బస్సు దగ్గర కావలించుకుంది, మీరే చూశారు."

"చూశాను."

"ఇరవై ఏళ్ళు ఒకే కంచంలో తిన్న తమ్ముణ్ణి అక్క పోల్చుకోలేదా? మీరు వాడితో డాన్సులు చేశారట, మీకూ అనుమానం రాలేదా? పోనీ, అనుమానమొచ్చిందే అనుకుందాం. మరెందుకు నోరెత్తలేదు?"

హోబర్ట్ నన్ను ఓడించాలని అడిగిన ప్రశ్న అది. అది నాలో ఇంకెక్కడో గుచ్చుకుంది.

"షెడ్డు ఎందుకు తగలబెడుతున్నావ్?" అన్నాను. "కేసు కోర్టుకెళ్ళకముందే నేరం జరిగిన చోటు తగలబెట్టే షెరీఫ్‌ని నిన్నొక్కణ్ణే చూశాను. నువ్వేం దాస్తున్నావు?"

"నేనా!" కోపంతో ఎర్రబడ్డాడు. "ఫొటోలు తీశాను. ఇంకొకరికి అంటకుండా కాల్చమని ఆవిడే రాసిచ్చింది. వాడు పోయిన పూటే, బుధవారం మధ్యాహ్నం, నా ఆఫీసుకొచ్చి కాగితం ఇచ్చి వెళ్ళింది. రాళ్ళూ రప్పలూ కూడా ఏరొద్దు, మొత్తం కాల్చి మట్టి కప్పెయ్యమంది. ఇదిగో."

నెట్టీ దస్తూరీ నాకు తెలుసు. అక్షరాలు కుట్టుపనిలా పొందిగ్గా ఉన్నాయి.

"ఐదింటిలోగా ఆవిడ తప్పు లేదని చూపించండి" అన్నాడు హోబర్ట్. ఇప్పుడు గొంతులో వెటకారం లేదు. "నేనే ఈ వారెంటు మీ ముందు చింపేస్తాను. ప్రమాణం."

తిరిగి షెడ్డులోకి నడిచాను. వంటింటి కిటికీ తెర కదిలింది.

గోడవారన గడ్డపార ఉంది. మొదటి రాయి కదలడానికి పది నిమిషాలు పట్టింది. యాభై ఎనిమిదేళ్ళ ఒంటికి అది ఎక్కువే. రెండోది తొందరగానే లేచింది. కింద మట్టి మెత్తగా, నల్లగా ఉంది. మిగతా నేలలా గట్టి బంకమట్టి కాదు. ఎప్పుడో ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి. మళ్ళీ నీళ్ళు చల్లాను. చేతులతో తోడాను.

జానెడు లోతులో ఎముక తగిలింది. ఆవుదో పందిదో అయితే బాగుండునని ఆ క్షణంలో దేవుణ్ణి నిజంగానే అడిగాను. పక్కటెముకలు అవి. మనిషివి. ఇరవై ఏళ్ళుగా శవాలతో ఉన్నదాన్ని, పొరబడను. పైకి తోడుతూ పోతే పుర్రె వచ్చింది. ఎడమ కన్ను పైన ఎముక లోపలికి నొక్కుకుపోయి, మళ్ళీ అతుక్కుని ఉంది. గాడిద తన్నిన రోజు నేనక్కడే ఉన్నాను. రక్తం ఆపడానికి నా గౌను అంచు చింపి ఇచ్చాను. వచ్చిన దొంగకి మచ్చ చర్మం మీదే ఉంది. వీడికి ఎముకలో ఉంది. పుర్రె వెనక ఇంకో దెబ్బ ఉంది. అది అతుక్కోలేదు. పార అంచు ఎంత వెడల్పో అంత ఉంది.

పక్కటెముకల మధ్య మట్టిని వేళ్ళతో నలిపాను. గింజల్లాంటివి తగిలాయి. కడిగి చూశాను. బఠాణీ గింజంత సున్నపురాళ్ళు. ఒకటి, రెండు, మూడు. లెక్కపెడుతూ పోయాను. తొమ్మిది.

ఊపిరితిత్తులు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. ఇక్కడ పుట్టి, ఇక్కడి గాలి పీల్చాడని చెప్పే ఆ రాళ్ళు మాత్రం మిగిలాయి. గుప్పిట్లో పెట్టుకున్నాను. వెండెల్‌లో నేను ముట్టుకోగలిగింది ఇక అంతే అనిపించింది. గుడ్డ వెనక నా ముఖమంతా తడిసిపోయింది.

"ముందు తడిపావా వెర్నా?"

గుమ్మంలో నెట్టీ నిలబడి ఉంది. ఏప్రనుకి చేతులు తుడుచుకుంటోంది.

"తడిపాను."

"మంచిది. దుమ్ము ఊపిరికి పడదు."

గోతిలోకి చూడలేదు. చూడాల్సిన అవసరం ఆవిడకి లేదు.

"మొదటి రోజే తెలుసా నీకు?"

"బస్సు దిగగానే తెలుసు. తెలీకేం?"

"మరి కావలించుకున్నావే! తమ్ముడన్నావే!"

"కాదంటే ఏం చెప్పను? కాదని ఎలా తెలుసని నువ్వే అడుగుతావు. మీ వెండెల్ ఎక్కడని నువ్వే అడుగుతావు. నువ్వు ఊరుకునే రకమా?" తలుపు చెక్కకి ఆనుకుంది. "వాడు అబద్ధమని నాకొక్కదానికే తెలుసు వెర్నా. వాడి ముఖం మీద ఆ మాట అనలేనిదాన్నీ నేనొక్కదాన్నే. ఏడు నెలలు వాడికి వండిపెట్టాను. వాడు నన్ను అక్కా అని పిలుస్తుంటే పలికాను. తర్వాత ఇక్కడ షాపు పెడతానన్నాడు. నేల చదును చేస్తానన్నాడు."

"అందుకే పిడి."

"పిడి తీస్తే ఆగుతాడనుకున్నాను. మనవాడెవడైనా ఆగేవాడు. వాడు చావాలని అనుకోలేదు, నిజంగా. పరాయివాడని తెలిసి కూడా, వాడికి ఇది తెలీదన్న సంగతి నాకు తట్టలేదు."

"వెండెల్ సంగతి చెప్పు."

నెట్టీ పైకి చూసింది. దూలం మీద పిట్టలు కొట్లాడుకుంటున్నాయి.

"నాన్న పోయిన పదో రోజు. పొలం అమ్మేస్తానన్నాడు. కాగితాలు నాన్న వాడి పేరే రాశాడుగా. నన్ను మేనత్త ఇంటికి పోయి పడుండమన్నాడు. అక్కడే, నువ్వు కూర్చున్నచోటే నిలబడి చెప్పాడు. నేను షెడ్డు ఎత్తుతున్నాను. చేతిలో పార ఉంది." చేతులు మళ్ళీ తుడుచుకుంది. "ఒక్కటే దెబ్బ. నేవీలో చేరాడని చెప్పాను. అందరూ నమ్మారు. నువ్వు నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చావు."

ఏడ్చాను. ఆవిడ నా తల నిమిరింది.

బయట ఫైరింజను వచ్చి ఆగింది. కిరసనాయిలు డబ్బాలు దించుతున్న చప్పుడు వినపడింది. నా గడియారంలో ఐదుకి రెండు నిమిషాలు తక్కువ.

"వెర్నా" అంది నెట్టీ మెల్లగా. "ఆ రాళ్ళు మళ్ళీ కప్పెయ్. ఇద్దరం కప్పేద్దాం. వాళ్ళు కాల్చేస్తారు."

నిజమే. నేను నోరు మూసుకుంటే చాలు. దొంగ చావుకి నెట్టీ కారణం కాదని ఫిల్మ్ చెబుతుంది, తాళం చెబుతుంది. హోబర్ట్ మాట మీద నిలబడి వారెంటు చింపేస్తాడు. రేపు ఆవిడ జామ్ సీసా ఒకటి నా గుమ్మంలో పెట్టి వెళుతుంది. నా గౌను కుట్టిన చేతులు ఏప్రను అంచు పట్టుకుని ఉన్నాయి. నా గుప్పిట్లో తొమ్మిది రాళ్ళు ఉన్నాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళు వాడి కోసం నేను రోడ్డు వైపు చూశాను. వాడు ఇక్కడ కోళ్ళ కింద ఉన్నాడు.

గుమ్మంలో హోబర్ట్ నీడ పడింది. ఒక చేతిలో వారెంటు ఉంది. రెండు చివరలూ పట్టుకుని, చింపడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"ఐదయింది వెర్నమ్మగారూ. ఏమైనా దొరికిందా?"

నెట్టీ నా కళ్ళలోకి చూసింది. నేను మోకాళ్ళ మీంచి లేచి, గుప్పిట విప్పాను.

"అది చింపకు హోబర్ట్" అన్నాను. "అందులో ఇద్దరి పేర్లూ సరిగ్గానే ఉన్నాయి. చోటూ సరిగ్గానే ఉంది. తారీఖు ఒక్కటే తప్పు."